ఉచిత ఓపెన్ సోర్స్ ఇమేజ్ ఎడిటర్లలో దేనిని ఎంచుకోవాలి: చరిత్ర, నిర్వహణల వైపు నుంచి ఒక పోలిక

జింప్, క్రిటా, డార్క్‌టేబుల్, రాథెరపీ, ఇంక్‌స్కేప్ అనే ఐదు పేర్లూ ఒకే జాబితాలో కనిపించేసరికి, వీటిలో ఏది మంచిదన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఐదూ ఉచితంగా దొరికేవే, ఐదింటి సోర్స్ కోడూ బహిరంగంగా ఉన్నదే, ఐదూ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేసేవే. ధరలో తేడా లేనప్పుడు సదుపాయాల జాబితాలను పక్కపక్కన పెట్టి చూడాలనిపించడం సహజం. నేనూ ఒకప్పుడు అలాగే చూసి, సదుపాయాలు ఎక్కువగా ఉన్నాయని ఒక చిన్న ఎడిటర్‌ను ఎంచుకుని, రెండేళ్ల పనిని దాని సొంత ఫార్మాట్‌లో దాచుకున్నాను. కొంతకాలానికి దాని తయారీ ఆగిపోయింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద అది తెరుచుకోలేదు, ఆ ఫైళ్లను చదవగలిగిన మరో ప్రోగ్రామ్ నాకు దొరకలేదు. లేయర్లన్నీ, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటిగా పేర్చుకున్న పొరలన్నీ పోయి, అప్పుడప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్న జేపెగ్‌లు మాత్రమే మిగిలాయి. అందువల్ల ఈ పోలికలో సదుపాయాల కంటే, ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఎలా పుట్టింది, ఇప్పుడు దానిని ఎవరు నిలబెడుతున్నారు, మన ఫైళ్లను అది ఎలా దాస్తుంది అన్న విషయాలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

## ముందుగా చూడవలసిన అంశాలు

మొదట తేల్చుకోవలసినది పని స్వభావం. ఉన్న ఫోటోను సరిదిద్దడం, తెల్లని కాన్వాస్ మీద బొమ్మ వేయడం, కెమెరా ఇచ్చిన రా ఫైల్‌ను, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచిన ఫైల్‌ను డెవలప్ చేయడం, ఎంత పెంచినా అంచులు చెదరని లోగో గీయడం అనేవి నాలుగు వేర్వేరు పనులు. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ నాలుగింటినీ సమానంగా చేయదు, చేయాలని ప్రయత్నించదు కూడా.

రెండవది, ఈరోజు చేసిన మార్పును వారం తరువాత వెనక్కి తీసుకోగలమా అన్నది. ఫిల్టర్ వేయగానే పిక్సెళ్లు శాశ్వతంగా మారిపోయే పద్ధతికీ, మార్పులను ఆదేశాలుగా విడిగా దాచి మూలచిత్రాన్ని ముట్టుకోని పద్ధతికీ మధ్య ఉన్న తేడా రోజువారీ పనిలో బాగా తెలుస్తుంది. దీనికి తోడు సొంత ఫార్మాట్ ఎంత తెరిచి ఉందో, అంటే ఆ ప్రోగ్రామ్ లేని రోజున కూడా ఫైల్‌లోంచి ఏదైనా బయటికి తీయగలమో లేదో చూడాలి.

మిగిలినది నిర్వహణ, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఇదే. నిర్వహణ అంటే కొత్త సదుపాయాలు చేర్చడం మాత్రమే కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా ప్రోగ్రామ్‌ను దానికి తగ్గట్టు సవరించాలి, ఆధారపడిన లైబ్రరీలు పాతబడితే కొత్తవాటి మీదికి తరలించాలి, మార్కెట్లోకి వచ్చిన ప్రతి కొత్త కెమెరా రా ఫార్మాట్‌నూ గుర్తుపట్టేలా చేయాలి, దురుద్దేశంతో తయారుచేసిన ఫైల్‌ను తెరిచినప్పుడు కంప్యూటర్‌కు ముప్పు తెచ్చే లోపాలను మూసివేయాలి. ఇవేవీ స్క్రీన్‌షాట్‌లో కనిపించవు కాబట్టి, వీటి మీద ఏళ్ల తరబడి కూర్చునేవారికి దక్కవలసిన గుర్తింపు దక్కదు. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటే ఒకరు వదిలేసిన పనిని మరొకరు అందుకోవచ్చు. అయితే అందుకోవచ్చు అనడానికీ, నిజంగా అందుకున్నారు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ఏ ప్రాజెక్టు ఎలా దాటిందో చూస్తేనే దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చో తెలుస్తుంది.

## జింప్

1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనిని మొదలుపెట్టారు. మొదటి బహిరంగ విడుదల 1996 ఆరంభంలో వచ్చింది. వారు సభ్యులుగా ఉన్న ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటింగ్ ఫెసిలిటీ అనే విద్యార్థి బృందం పేరు నేటికీ జింప్ ఫైళ్ల చివర ఎక్స్‌సీఎఫ్ అన్న మూడు అక్షరాలుగా నిలిచి ఉంది. తొలి వెర్షన్లు మోటిఫ్ అనే వాణిజ్య టూల్‌కిట్ మీద ఆధారపడి ఉండేవి. అది నచ్చక మాటిస్ బటన్లు, మెనూలు, కిటికీల కోసం జీటీకే అనే సొంత టూల్‌కిట్‌ను రాయడం మొదలుపెట్టాడు. ఒక చిత్రాల ప్రోగ్రామ్ అవసరం కోసం పుట్టిన ఆ టూల్‌కిటే తరువాత లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తానికి పునాది అయింది.

1997లో ఆ ఇద్దరూ చదువు ముగించుకుని వెళ్లిపోయారు. ప్రాజెక్టు కొంతకాలం దిక్కులేకుండా నిలిచినా, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఇతరులు దానిని అందుకుని 1998 జూన్‌లో 1.0 వెర్షన్‌ను విడుదల చేశారు. పుట్టించినవారు వెళ్లిపోయిన తరువాత కూడా బతికిన ప్రాజెక్టు అన్న ఒక్క కారణం చాలు, జింప్‌ను నమ్మదగినదిగా పరిగణించడానికి.

నమ్మదగినదే గాని వేగమైనది కాదు. 2.8 వెర్షన్ 2012లో, 2.10 వెర్షన్ 2018 ఏప్రిల్‌లో, 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చాయి. అంటే ఈ పెద్ద వెర్షన్ల మధ్య సుమారు ఆరేడేళ్లు పట్టింది. చిత్రంపై జరిగే లెక్కలన్నిటినీ జీఈజీఎల్ అనే కొత్త ఇంజిన్ మీదికి తరలించాలన్న ఆలోచన 2000 నాటిది, అది పూర్తిగా అమలులోకి వచ్చి ఒక్కొక్క చానల్‌కు 8 బిట్లకు మించిన రంగుల లోతు దక్కింది 2.10లోనే. జీటీకే మూడవ తరం 2011లోనే వచ్చినా, ఆ టూల్‌కిట్‌కు పుట్టినిల్లయిన జింప్ దాని మీదికి చేరడానికి 14 ఏళ్లు పట్టింది. దీనిని నిర్లక్ష్యం అనుకోవడం సరికాదు. లక్షల పంక్తుల పాత కోడ్‌ను కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు, వాడుకలో ఉన్న ప్రోగ్రామ్‌ను చెడగొట్టకుండా, ముక్కముక్కగా మార్చుకుంటూ పోవడానికి పట్టే కాలం అది.

ఆ శ్రమ ఫలితాన్ని ఒక చిన్న పనిలో చూడవచ్చు. ఒక ఫోటోలో మనిషి వెనుక ఉన్న నేపథ్యాన్ని గాసియన్ బ్లర్‌తో మసకబరిచాము అనుకుందాం. 2.10లో ఆ మసక నేరుగా పిక్సెళ్లలో కలిసిపోయేది, ఫైల్ మూసి మర్నాడు తెరిస్తే దానిని తగ్గించే దారి ఉండేది కాదు. ముందుచూపుతో లేయర్‌కు నకలు తీసి పెట్టుకున్నవారే బయటపడేవారు. 3.0లో అదే ఫిల్టర్ వేస్తే లేయర్ పేరు పక్కన ఎఫ్ఎక్స్ అన్న చిన్న గుర్తు వస్తుంది. దాని మీద నొక్కితే వేసిన ఫిల్టర్ల వరుస తెరుచుకుంటుంది. వాటిలో ఒకదానిని కాసేపు ఆపి చూడవచ్చు, విలువ మార్చవచ్చు, తీసేయవచ్చు, ఎక్స్‌సీఎఫ్‌లో దాచుకుని మర్నాడు వచ్చి మళ్లీ మార్చవచ్చు.

కొత్తగా వచ్చేవారిని తికమకపెట్టే విషయం ఒకటి ఉంది. 2.8 నుంచి సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్‌లో దాచడం మాత్రమే, జేపెగ్ లేదా పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఈ నిర్ణయం మీద అప్పట్లో అసంతృప్తి చాలా వచ్చింది. లేయర్లు పోగొట్టుకున్న అనుభవం ఉన్నవాడిగా నేను మాత్రం దానిని సమర్థిస్తాను.

జింప్ బలహీనత ముద్రణ రంగుల దగ్గర ఉంది. అది లోపల తెరలు వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలోనే పనిచేస్తుంది. ముద్రణ సిరాల రంగుల పద్ధతి అయిన సీఎంవైకే కోసం ముందస్తు రంగుల పరిశీలన, ఎక్స్‌పోర్ట్ వరకు సౌకర్యాలు మెరుగుపడ్డాయి గాని, పని మొత్తం సీఎంవైకేలోనే చేసుకునే వీలు లేదు. ఇక పేరు విషయంలో వచ్చిన అభ్యంతరాలతో 2019లో కొందరు గ్లింప్స్ అనే వేరు శాఖను మొదలుపెట్టారు, అది 2021లో ఆగిపోయింది. కోడ్‌ను వేరు చేసుకోవడం ఒక్క రోజు పని, దాని నిర్వహణ భారాన్ని మోయడం ఏళ్ల పని అని ఆ ఉదంతం చూపించింది.

## క్రిటా

క్రిటా కథకు కూడా ఒక విధంగా జింప్ దగ్గరే మొదలు ఉంది. 1998లో కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు స్థాపకుడు మథియాస్ ఎట్రిక్ జింప్‌కు క్యూటీ టూల్‌కిట్‌తో ముఖం తొడిగి ఒక సభలో ప్రదర్శించినప్పుడు జింప్ వర్గాలలో అది వివాదమైంది. దానితో కేడీఈ వారు సొంత ఎడిటర్ కావాలనుకుని 1999లో కేఇమేజ్‌షాప్ పేరుతో ప్రారంభించారు. పేర్లు మారుతూ చివరికి అది క్రిటా అయింది. మొదటి పదేళ్లు అది కూడా అన్ని పనులూ చేసే ఎడిటర్ కావాలనే ప్రయత్నించింది. 2009 ప్రాంతంలో నిర్వాహకులు దారి మార్చి, ఇది బొమ్మలు వేసేవారి కోసమని తేల్చుకున్నారు. ఆ నిర్ణయమే క్రిటాను నిలబెట్టిందని నా నమ్మకం. ఎవరి కోసం చేస్తున్నారో తేలినప్పుడు ఏ సదుపాయాన్ని కాదనాలో కూడా తేలుతుంది.

దీని నిర్వహణ విధానం జింప్‌కు భిన్నమైనది. నెదర్లాండ్స్‌లో నెలకొన్న క్రిటా ఫౌండేషన్ విరాళాలతోనూ, స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్ వంటి చోట్ల అమ్మకాలతోనూ డబ్బు సమకూర్చుకుని డెవలపర్లకు జీతాలిస్తుంది. అమ్మే ప్రతి, ఉచితంగా దొరికే ప్రతి ఒకటే సాఫ్ట్‌వేర్. ధర చెల్లించినవారు నిర్వహణకు ఊతమిస్తున్నారు, అంతే. 2017లో పన్నుల చిక్కు వచ్చి ఫౌండేషన్ ఇబ్బందిలో పడినప్పుడు విరాళాలే దానిని గట్టెక్కించాయి. 3.0 వెర్షన్ 2016లో యానిమేషన్‌ను తెచ్చింది, 4.0 వెర్షన్ 2018లో, 5.0 వెర్షన్ 2021 చివరలో వచ్చాయి. జీతం తీసుకుని పనిచేసేవారు ఉన్నప్పుడు విడుదలల మధ్య విరామం ఎలా తగ్గుతుందో ఈ సంవత్సరాలను జింప్ సంవత్సరాల పక్కన పెడితే కనిపిస్తుంది.

కుంచెల విషయంలో దీనికి సాటి వచ్చేది ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లేదు. గీత వణకకుండా సర్దే స్టెబిలైజర్, దృక్కోణాన్ని పట్టి ఉంచే సహాయక రేఖలు, కుడి బటన్ నొక్కగానే పెన్ను కింద వృత్తాకారంలో తెరుచుకునే కుంచెలు, రంగులు, ఒక అంచు దాటిన గీత ఎదుటి అంచు నుంచి లోపలికి వచ్చే ర్యాప్ అరౌండ్ పద్ధతి, ఇవన్నీ గీసే చేతిని కాన్వాస్ మీదనుంచి కదలనివ్వకుండా చేసిన ఏర్పాట్లు. సీఎంవైకేలో నేరుగా పనిచేయడం కూడా కుదురుతుంది. దీని కేఆర్ఏ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. దానిని విప్పి చూస్తే లేయర్ల సమాచారంతో పాటు, మొత్తం బొమ్మను కలిపిన ఒక పీఎన్‌జీ కూడా లోపల ఉంటుంది. నా పాత ఎడిటర్ ఫైళ్లకు ఈ ఒక్క గుణం ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఫోటోలోని మచ్చలు తీయడం, వస్తువులను కత్తిరించి వేరు చేయడం వంటి పనులను క్రిటాలో చేయవచ్చు గాని, జింప్‌లో ఉన్నంత సౌకర్యం ఉండదు.

## డార్క్‌టేబుల్, రాథెరపీ

రా ఫైళ్లు తీసేవారికి అసలైన తర్జనభర్జన ఈ రెండింటి మధ్యే. రెండూ మూల ఫైల్‌ను ముట్టుకోవు, చేసిన మార్పులను పక్కనే ఒక చిన్న ఫైల్‌లో రాస్తాయి. డార్క్‌టేబుల్ దానిని ఎక్స్ఎంపీగా, రాథెరపీ పీపీ3గా దాస్తుంది, రెండింటినీ మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచి చూడవచ్చు.

డార్క్‌టేబుల్‌ను 2009లో యోహానెస్ హనికా ప్రారంభించాడు. కొన్నేళ్లుగా అది ఏటా రెండుసార్లు, నడి వేసవి ప్రాంతంలో ఒకటి, క్రిస్మస్ ప్రాంతంలో ఒకటిగా విడుదలలు ఇస్తోంది. కొత్త కెమెరా కొన్నవారికి ఈ క్రమబద్ధత చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ కెమెరా ఫైళ్లు తెరుచుకోవాలంటే తరువాతి విడుదల దాకా ఆగవలసి రావచ్చు. రాథెరపీని గాబోర్ హోర్వాత్ 2004 ప్రాంతంలో రాయడం మొదలుపెట్టి, 2010 జనవరిలో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద సోర్స్ కోడ్‌ను విడుదల చేశాడు. దాని విడుదలలకు నిర్ణీత కాలం లేదు. 5.8 వెర్షన్ 2020 ఆరంభంలో వస్తే, 5.9 వెర్షన్ 2022 చివరికి గాని రాలేదు.

వాడుకలో తేడా ఇలా ఉంటుంది. డార్క్‌టేబుల్ ఫోటోలను ముందు తన డేటాబేస్‌లోకి చేర్చుకుంటుంది, వేల ఫోటోలకు ట్యాగులు, నక్షత్రాలు పెట్టి నిర్వహించేవారికి అది వరం. రాథెరపీ ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది, అప్పుడప్పుడు పది ఫోటోలు సవరించేవారికి అదే తేలిక. సెన్సర్ సమాచారం నుంచి రంగులు పునర్నిర్మించే పద్ధతుల్లోనూ, అతి సూక్ష్మమైన వివరాలను వెలికితీయడంలోనూ రాథెరపీకి గట్టి పేరుంది. ఫోటోలో ఆకాశాన్ని మాత్రమే, ముఖాన్ని మాత్రమే ఎంచుకుని మార్చే మాస్కుల విషయంలో డార్క్‌టేబుల్ ముందు నుంచీ బలమైనది, రాథెరపీకి స్థానిక సవరణలు 5.9తో వచ్చాయి. డార్క్‌టేబుల్‌లో ఒకే పనికి మూడు నాలుగు మాడ్యూళ్లు ఉండటం వల్ల మొదటి నెల కష్టంగా గడుస్తుంది. ఆ నెల ఓపిక పట్టగలిగితే డార్క్‌టేబుల్‌ను, పట్టలేకపోతే రాథెరపీని నేను సూచిస్తాను.

## ఇంక్‌స్కేప్, మరికొన్ని

లోగోలు, పటాలు, చిహ్నాలు గీయాలంటే పై నాలుగూ తగవు, ఇంక్‌స్కేప్ కావాలి. సోడిపోడి అనే ప్రోగ్రామ్ నుంచి 2003లో నలుగురు డెవలపర్లు విడిపోయి ప్రారంభించిన ఈ ప్రాజెక్టు 1.0 వెర్షన్‌కు చేరింది 2020 మేలో. ఎస్‌వీజీ అన్న బహిరంగ ప్రమాణాన్నే సొంత ఫార్మాట్‌గా తీసుకోవడం దీని గొప్పతనం. ఇంక్‌స్కేప్ లేకపోయినా ఏ బ్రౌజర్‌లోనైనా ఆ ఫైల్ తెరుచుకుంటుంది.

బాణం గుర్తు పెట్టడం, కత్తిరించడం, పరిమాణం తగ్గించడం వరకే అవసరమైనవారికి 2010లో మొదలైన పింటా చాలు. దీని చరిత్రలో లైసెన్సుల గురించి తెలుసుకోదగిన విషయం ఒకటి ఉంది. పెయింట్ డాట్ నెట్ అనే విండోస్ ఎడిటర్ మొదట్లో సోర్స్ కోడ్‌ను స్వేచ్ఛా లైసెన్స్‌తో ఇచ్చి, తరువాత ఇవ్వడం మానేసింది. ఇప్పుడు అది ఉచితమే గాని ఓపెన్ సోర్స్ కాదు. అయితే అప్పటికే బయటికి వచ్చిన కోడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు కనుక, దానిలోని కొన్ని ఫిల్టర్లు పింటాలోకి వచ్చి నేటికీ పనిచేస్తున్నాయి.

ఒకేసారి వందల చిత్రాల పరిమాణం మార్చాలంటే కమాండ్‌లతో నడిచే ఇమేజ్‌మ్యాజిక్ సరైనది. 1987లో జాన్ క్రిస్టీ దీనిని మొదలుపెట్టాడు. 2016లో బయటపడిన ఒక తీవ్రమైన భద్రతా లోపం, ఈ ప్రోగ్రామ్‌ను వెబ్‌సైట్ల వెనుక నడిపేవారిని హడావుడిగా అప్‌డేట్ చేసుకునేలా చేసింది. బయటివారి ఫైళ్లను తెరిచే ఏ ప్రోగ్రామ్‌నైనా పాత వెర్షన్‌తో వదిలేయకూడదని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

## పట్టికలో

| సాఫ్ట్‌వేర్ | మొదలు | దేనికి | పని దాచే తీరు | నిర్వహణ |
|---|---|---|---|---|
| జింప్ | 1995 | ఫోటో సవరణ, మచ్చలు తీయడం, చిత్రాలను కలపడం | ఎక్స్‌సీఎఫ్, 3.0 నుంచి ఫిల్టర్లను మళ్లీ మార్చవచ్చు | ఎక్కువగా స్వచ్ఛందం. 3.0 వరకు పెద్ద వెర్షన్లు ఆరేడేళ్లకు ఒకటి |
| క్రిటా | 1999 | బొమ్మలు వేయడం, యానిమేషన్ | కేఆర్ఏ. జిప్ మూట, లోపల పీఎన్‌జీ | ఫౌండేషన్, విరాళాలు, అమ్మకాలు |
| డార్క్‌టేబుల్ | 2009 | రా ఫోటోలు, పెద్ద సేకరణలు | డేటాబేస్, పక్కన ఎక్స్ఎంపీ | స్వచ్ఛందం. ఏటా రెండు విడుదలలు |
| రాథెరపీ | 2004 | రా ఫోటోలు, సూక్ష్మ వివరాలు | పక్కన పీపీ3 | స్వచ్ఛందం. నిర్ణీత కాలం లేదు |
| ఇంక్‌స్కేప్ | 2003 | లోగోలు, వెక్టర్ చిత్రాలు | ఎస్‌వీజీ | స్వచ్ఛందం, విరాళాలు |

## ఎవరికి ఏది

పాత ఫోటోలను స్కాన్ చేసి బాగుచేయాలనుకునేవారు జింప్‌తోనే మొదలుపెట్టాలి. మడత పడిన గీత మీద హీల్ సాధనాన్ని చిన్న కుంచెతో, పక్కనున్న శుభ్రమైన భాగాన్ని కంట్రోల్ మీటతో నమూనాగా తీసుకుంటూ నడిపిస్తే, ఆ గీత చర్మపు రంగులో కలిసిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. అసలు స్కాన్‌ను కింది లేయర్‌గా అలాగే ఉంచి, నకలు మీద పనిచేయాలి.

గీయడం నేర్చుకుంటున్నవారికి క్రిటా తప్ప వేరే సూచన అక్కరలేదు. పెళ్లిళ్లు, పక్షులు, ప్రయాణాలు ఏవైనా సరే వేలకొద్దీ రా ఫైళ్లు తీసేవారికి డార్క్‌టేబుల్‌నూ, దానికి తోడుగా చివరి మెరుగుల కోసం జింప్‌నూ కలిపి వాడుకోవడం కుదురుతుంది. ముద్రణకు పంపే పని ప్రధానమైతే చిక్కు కొంచెం ఎక్కువ. బొమ్మ క్రిటాలో, అక్షరాలు, లోగో ఇంక్‌స్కేప్‌లో తయారుచేసుకుని, పేజీ కూర్పుకు స్క్రైబస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడవలసి ఉంటుంది. ఒకే కిటికీలో అన్నీ కావాలనుకునేవారికి ఇది ఇబ్బందే, ఆ మాట దాచి సలహా ఇవ్వడం న్యాయం కాదు. ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైళ్లను ఇతరులతో రోజూ ఇచ్చిపుచ్చుకునేవారు కూడా ముందుగా పరీక్షించుకోవాలి. జింప్, క్రిటా రెండూ ఆ ఫార్మాట్‌ను తెరుస్తాయి గాని, ప్రత్యేకమైన ఎఫెక్టులు, అక్షరాల లేయర్లు ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయన్న హామీ లేదు.

## ఇన్‌స్టాల్ చేసే ముందు, చేసిన తరువాత

మీరు ఎంచుకున్నది ఈ జాబితాలో లేనిదైనా, దాని నిర్వహణను పావుగంటలో అంచనా వేయవచ్చు. చివరి విడుదల తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు. గత ఆరు నెలల్లో కోడ్‌లో మార్పులు చేసినవారు ఒక్కరేనా, పదిమందా అన్నది చూడాలి. వచ్చిన బగ్ నివేదికలకు ఎవరైనా జవాబిస్తున్నారా, విరాళాలు ఏ సంస్థ చేతికి వెళుతున్నాయి అన్నవి కూడా చూడాలి. మార్పులన్నీ ఒక్కరి చేతి మీదుగానే జరుగుతుంటే ఆ ప్రాజెక్టు ఎంత బాగున్నా, మీ ఫైళ్లకు మరో రూపంలో ప్రతి ఉంచుకోవడం అవసరం.

డౌన్‌లోడ్ ఎప్పుడూ ప్రాజెక్టు సొంత సైట్ నుంచే చేయాలి. 2015లో ఒక డౌన్‌లోడ్ వేదిక జింప్ విండోస్ ఇన్‌స్టాలర్‌కు ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను తగిలించి ఇచ్చిందని బయటపడి పెద్ద దుమారం రేగింది. జింప్ బృందం అంతకు ముందే ఆ వేదికను వదిలి బయటికి వచ్చినా, అక్కడి పాత పేజీ అలాగే కొనసాగింది.

పెద్ద వెర్షన్ మారినప్పుడు పాతదానిని వెంటనే తీసేయవద్దు. జింప్ 3.0 వచ్చినప్పుడు 2.10 కోసం రాసిన ప్లగిన్లు (విడిగా చేర్చుకునే అదనపు సాధనాలు), ముఖ్యంగా పాత పైథాన్ 2తో రాసినవి, కొత్త పద్ధతికి మార్చి రాసేంతవరకు పనిచేయలేదు. కొత్త వెర్షన్‌లో వేసిన ఫిల్టర్లను పాత వెర్షన్ అర్థం చేసుకుంటుందని కూడా అనుకోకూడదు. అందువల్ల నడుస్తున్న పనులకు సంబంధించిన ఎక్స్‌సీఎఫ్ ఫైళ్లను ముందు వేరే ఫోల్డర్‌లోకి నకలు తీసి, ఆ నకళ్లను కొత్త వెర్షన్‌లో తెరిచి, లేయర్లు, మాస్కులు, అక్షరాలు సరిగా వచ్చాయో లేదో చూసుకుని, రోజూ వాడే ప్లగిన్లు ఒక్కొక్కటి నడిపించి, ఆ తరువాతే అసలు ఫైళ్లను అందులో సేవ్ చేయాలి.